అప్పన్న చేతికి లేని వాచీ

2006వ సంవత్సరం. సునామీ వచ్చి ఏడాది దాటింది. పోర్ట్‌బ్లెయిర్ షాదీపూర్‌లో నాకు మైక్ సెట్టు షాపు ఉండేది, ఇప్పటికీ ఉంది. పెళ్ళిళ్ళు, చర్చి కూటాలు, వినాయక చవితి పందిళ్ళు, ఎలక్షన్ మీటింగులు, ఎవరు గొంతు పెంచి మాట్లాడాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. సౌండ్ పనిలో జరిగిన విశేషాలు చెప్పమని చాలామంది అడుగుతుంటారు. ఫలానా నాయకుడి ప్రసంగం మధ్యలో మైకు ఎందుకు కూసింది, ఫలానా పాటగత్తె ఎందుకు అలిగి వెళ్ళిపోయింది అని. అవి సరదా కబుర్లు, ఎన్నైనా చెప్తాను. ఇప్పుడు రాయబోయేది మాత్రం సరదాది కాదు. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆ మంటలో సగం నా మీద నాకే.

ఆ ఏడాది మా ఊళ్ళోని తెలుగువాళ్ళ సంఘం ఒకటి తమ వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి ఒక మెంటలిస్టుని పిలిపించింది. మెంటలిస్టు అంటే ఎదుటివాడి మనసులోది చదివేస్తున్నట్టు ఆడి చూపించేవాడు. మీరు తలుచుకున్న పువ్వు పేరు చెప్తాడు, మూసిన కవర్లో అంకె చెప్తాడు. అక్కడివరకూ అదొక విద్యే, నాకేం పేచీ లేదు. ఆయన టీవీలో కూడా కార్యక్రమాలు చేసేవాడట. పేరు రాయను. నా చేత్తో ఆ పేరు రాసి ఆయనకి ఇంకో నాలుగు చప్పట్లు సంపాదించి పెట్టే ఉద్దేశం నాకు లేదు. షోని లోకల్ కేబుల్ చానెల్ వాళ్ళు రికార్డు చేసి తర్వాత వేస్తామన్నారు. సౌండ్ నాది.

దానికి ముందు జరిగింది కొంచెం చెప్పాలి. సునామీ తర్వాత కార్ నికోబార్ నుంచి, ఇంకా కింద దీవుల నుంచి జనాన్ని ఓడల్లో, విమానాల్లో పోర్ట్‌బ్లెయిర్ తెచ్చి స్కూళ్ళలో, మైదానాల్లో క్యాంపులు పెట్టారు. ఒక క్యాంపులో నేను రెండు హార్న్‌లు, అంటే రేకు గొట్టాల స్పీకర్లు కట్టి, లారీ బ్యాటరీ మీద ఆంప్లిఫయర్ నడిపాను. ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళి కట్టాను. ఓడ వచ్చినప్పుడల్లా తప్పిపోయినవాళ్ళ పేర్లు మైకులో చదివేవాణ్ణి. వెతుక్కునేవాళ్ళు నా ముందు వరసగా నిలబడి చెప్తుంటే చీటీల మీద రాసుకునేవాణ్ణి. పేరు, వయసు, చేసే పని, ఏ దీవి, ఒంటి మీద గుర్తులు, చివర్లో వెతుకుతున్నవాళ్ళ పేరూ చిరునామా. ఎప్పుడూ అదే వరస. క్యాంపు ఎత్తేశాక ఆ చీటీలు పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది షాపులో పై అర మీద పెట్టాను.

ఆ వరసలో రోజూ నిలబడిన మనిషి రమణమ్మ. మా షాపు వెనక సందులోనే ఉండేది. భర్త అప్పన్న తాపీమేస్త్రి, సునామీకి నెల ముందు కాంట్రాక్టు పని మీద కార్ నికోబార్ వెళ్ళాడు. ఐదేళ్ళ కూతురు పుష్పని చంకనేసుకుని ఆమె ఉదయమే వచ్చేసేది.

"భయ్యా, ఇంకోపాలి సదవవా? ఇందాకల ఓడ దిగినోలకి ఇనిపించలేదేమో" అనేది.

చదివేవాణ్ణి. ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. అప్పన్న రాలేదు. ఆయనతో పని చేసినవాళ్ళు ఇద్దరు వచ్చారు గానీ, వాళ్ళు ఈమె మొహం చూడలేక తప్పించుకు తిరిగేవారు.

తప్పిపోయిన మనిషిని చనిపోయినట్టుగా రాసుకోవడానికి ఆఫీసులో కాగితం మీద సంతకం పెట్టమన్నారు. రమణమ్మ పెట్టనంది. ఒక టైలరు దగ్గర బ్లౌజులు కుట్టే పనికి కుదురుకుంది, పిల్లని స్కూల్లో వేసింది, కానీ ఆ కాగితం జోలికి పోలేదు. షో జరగడానికి ఒక వారం ముందు మా ఆవిడ సరోజ దగ్గరికి వచ్చి కూర్చుని, తనంతట తనే అంది: "ఇంక ఎట్టీస్తాను దీదీ, సంతకం. పిల్లకి కూడా సెప్పీసేను, నాన్న ఇంక రాడని. రెండ్రోజులు ఏడిసింది. ఇప్పుడు అడగతం లేదు." ఆ మాట అనడానికి ఆ మనిషికి ఏడాది పైన పట్టింది. సరోజ ఆరోజు అన్నం తినలేదు.

షోకి ముందురోజు మధ్యాహ్నం మెంటలిస్టు గారి మేనేజరు మా షాపుకి వచ్చాడు. నవ్వుమొహం కుర్రాడు, మాట తేనె. టీ తెప్పించాను.

"అన్నా, సునామీ టైంలో క్యాంపులో మైకు నడిపింది మీరేనంట కదా? ఊళ్ళో ఎవర్నడిగినా మీ పేరే చెప్తున్నారు" అన్నాడు.

ఉబ్బిపోయాను. మరి ఏడాదిగా ఆ మాట ఎవరూ అనలేదు. అడక్కుండానే అంతా చెప్పాను, బ్యాటరీ సంగతి, చీటీల సంగతి, పై అర మీద పెట్టె సంగతి.

"సార్ షో మొదట్లో పోయినవాళ్ళ పేర్లు తలుచుకుని దీపం వెలిగిస్తారన్నా. ఆ పెట్టె ఒక్కసారి ఇస్తే పేర్లు రాసుకుని తిరిగి ఇచ్చేస్తాం."

నా బుద్ధి గడ్డి తింది. స్టూలు ఎక్కి పెట్టె దింపి ఇచ్చాను. పైగా కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ఇచ్చాను. "జాగర్త తమ్ముడూ, ఒక్కటి కూడా పోకూడదు" అన్నాను. ప్రాణంలా చూసుకుంటామన్నాడు.

మర్నాడు హాల్లో సౌండ్ చెక్ పెట్టాం. సౌండ్ చెక్ అంటే జనం రాకముందే ప్రతి మైకూ పలుకుతోందో లేదో చూసుకోవడం. మేనేజరు ఒక చిన్న మైకు తెచ్చి, దీన్ని స్పీకర్లకి పంపకుండా సార్ చెవిలో పెట్టుకునే ఇయర్‌పీస్‌కి మాత్రమే పంపాలన్నాడు. నా మిక్సర్‌లో అలాంటి దారి ఉంటుంది, దాన్ని ఆక్స్ లైను అంటాం. హాలంతా వినేది ఒకటి, ఆ ఒక్క మనిషి చెవిలో వినిపించేది వేరొకటి. పాటగాళ్ళు తాళం కోసం వాడతారు. "మ్యూజిక్ ఎప్పుడు మొదలవుతుందో సార్‌కి చెప్పడానికన్నా" అన్నాడు. సరేనని కలిపి ఇచ్చాను. గేటు దగ్గర సంఘం వాళ్ళు లక్కీ డ్రా అని కూపన్లు పంచి, పేరూ ఇంటి చోటూ కుర్చీ నంబరూ రాయించుకుంటున్నారు. అది కూడా మేనేజరు చెప్పిన ఏర్పాటేనని నాకు తర్వాత తెలిసింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. రమణమ్మని మా సరోజే బలవంతాన తీసుకొచ్చింది, కాస్త నవ్వుతుందని. పుష్పని మధ్యలో కూర్చోబెట్టుకుని ఐదో వరసలో కూర్చున్నారు. మొదటి అరగంట బాగానే సాగింది. పేకముక్కలు, చిన్నప్పటి టీచరు పేరు చెప్పడం, ఒక పెద్దమనిషిని స్టేజీ ఎక్కించి ఆయన అనుకున్న స్వీటు పేరు పలక మీద రాయడం. జనం ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను, దాచడం ఎందుకు?

తర్వాత లైట్లు తగ్గించారు. దీపం పెట్టారు గానీ ఒక్క పేరూ చదవలేదు. వీణ సంగీతం ఏదో వేశారు. ఆయన గొంతు తగ్గించి, కళ్ళు సగం మూసి, "మీలో ఎవరో... నీళ్ళ దగ్గర... చాలా దగ్గరివాళ్ళని పోగొట్టుకున్నారు" అన్నాడు.

అబ్బో, ఎంత దివ్యదృష్టి! సునామీ వచ్చిన ఏడాదికి పోర్ట్‌బ్లెయిర్‌లో నిలబడి ఆ మాట అంటే చెయ్యెత్తని ఇల్లు ఏది? ఇలా గాల్లోకి రాయి విసిరి ఎవరు ఉలిక్కిపడతారో చూడ్డాన్ని వాళ్ళ భాషలో కోల్డ్ రీడింగ్ అంటారట. ముందే కూపీ లాగి వచ్చి అప్పుడే కనిపెట్టినట్టు నటిస్తే అది హాట్ రీడింగ్. ఈ పేర్లు తర్వాత ఎవరో చెప్తే తెలిశాయి. ఆ సాయంత్రం నాకు తెలిసింది ఒక్కటే, ఎక్కడో చిన్న కూత వస్తోందని. ఏ లైను కూస్తోందో చూద్దామని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కో బటనూ నొక్కుతూ వచ్చాను. ఆక్స్ మైకు దగ్గరికి వచ్చేసరికి మేనేజరు గొంతు వినబడింది.

"ఐదో వరస, ఆకుపచ్చ చీర, రమణమ్మ. భర్త అప్పన్న. ముప్పై రెండు. తాపీ పని. కార్ నికోబార్. కుడి చేతి మీద ఆంజనేయస్వామి పచ్చబొట్టు. ముందు పన్ను విరిగింది."

పేరు, వయసు, పని, దీవి, గుర్తులు. నా వరస. నా చీటీ.

స్టేజీ మీద ఆయన అదే చదువుతున్నాడు, మధ్యమధ్య నుదురు రుద్దుకుంటూ, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు. "ఆకుపచ్చ... ఆకుపచ్చ చీర కట్టుకున్న సోదరి... అ అనే అక్షరం... అప్ప... అప్పన్న?" రమణమ్మ లేచి నిలబడిపోయింది. సంఘం వాళ్ళు పరిగెత్తుకెళ్ళి ఆమె చేతిలో నా కార్డ్‌లెస్ మైకు పెట్టారు. పచ్చబొట్టు అన్నప్పుడు "అవునండి" అంది. పన్ను అన్నప్పుడు "అవునండి బాబూ" అని ఏడవడం మొదలుపెట్టింది. కెమెరా వాడు పోయి ఆమె మొహం ముందు నిలబడ్డాడు.

హెడ్‌ఫోన్స్‌లో మేనేజరు అన్నాడు, "ఎడమ చేతికి గోల్డ్ చైన్ వాచీ."

అది తప్పు. ఆ తప్పు నాది. క్యాంపులో ఆ రోజు రమణమ్మ వెనక ఆస్టినాబాద్ నుంచి వచ్చిన ఒక ముసలాయన నిలబడి, తన కొడుకు గుర్తులు నా చెవిలో అరుస్తున్నాడు. ఆ తోపులాటలో ఆయన కొడుకు వాచీని అప్పన్న చీటీ మీద రాసేశాను. తర్వాత ఆయన "మావోడి వాచీ సదవలేదేటి?" అని దెబ్బలాడితే ఆయన చీటీ మీద రాసి మైకులో సరిగ్గానే చదివాను. అప్పన్న చీటీ మీద మాత్రం కొట్టెయ్యలేదు, మైకులో చదివేటప్పుడు ఆ ముక్క దాటేసేవాణ్ణి. రమణమ్మకి ఈ సంగతే తెలియదు.

"ఎడమ చేతికి వాచీ" అన్నాడు స్టేజీ మీద ఆయన. "బంగారు రంగు చైను."

రమణమ్మ ఏడుపు ఆపింది. "వాచీనా? ఆయనకి వాచీ లేదండి. ఎప్పుడూ ఎట్టుకోలేదు."

నా గుండె ఒక్కసారి తేలికపడింది. దొరికాడు, ఇక్కడితో దొరికాడు అనుకున్నాను. ఆయన రెప్ప కూడా వెయ్యలేదు. కళ్ళు తెరిచి రమణమ్మని సూటిగా చూసి అన్నాడు:

"ఇప్పుడుంది."

హాలు దద్దరిల్లింది. అలాంటి చప్పట్లు నా సర్వీసులో నేను వినలేదు. నా మీటర్ల మీద ముల్లు ఎర్ర గీత దాటి అక్కడే ఉండిపోయింది. పక్కవాళ్ళు పట్టుకోకపోతే రమణమ్మ కింద పడిపోయేది. "అంతే, బతికే ఉన్నాడు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆయన కాదనలేదు. "దక్షిణం... చివర... చుట్టూ నీళ్ళు... ఎవరో మంచివాళ్ళు చూసుకుంటున్నారు... జ్ఞాపకం సరిగ్గా లేదు..." అని ఇంకో నాలుగు ముక్కలు విసిరాడు. ఈ దీవుల్లో చుట్టూ నీళ్ళు లేని చోటు చూపించమనండి నాకు! పుష్ప కుర్చీ ఎక్కి నిలబడి తల్లి చెయ్యి పట్టుకుని గుంజుతోంది. "నాన్న ఒస్తాడా? అమ్మా, నాన్న ఒస్తాడా?" అది కూడా మైకులో పడింది. వెయ్యిమంది విని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మిక్సర్ మీద ప్రతి మైకుకీ ఒక ఫేడర్ ఉంటుంది, పైకీ కిందికీ జరిపే చిన్న మీట. మేనేజరు మైకు ఫేడర్ కిందికి దించి ఉంది గనక ఆ గొంతు స్పీకర్లలోకి పోవడం లేదు. దాన్ని ఒక్క అంగుళం పైకి తోస్తే చాలు, వాడు చీటీలు చదవడం హాలంతా వినేది. నా వేలు దాని మీదే ఉంది. తొయ్యలేదు. షో నడుస్తుండగా సౌండ్ వాడు సొంత తెలివి చూపించకూడదు, అది మా పనిలో మొదటి పాఠం, అందుకని ఆగిపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. పెట్టె ఇచ్చింది నేనేనని ఊరంతటికీ తెలిసిపోతుందని భయపడ్డాను. అంతే.

మర్నాడు పొద్దున్నే లంబాలైన్‌లో వాళ్ళు దిగిన గెస్ట్‌హౌస్‌కి వెళ్ళాను. అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు రెండడుగులు. ఆయన బొప్పాయి ముక్కలు తింటున్నాడు.

"సార్, ఫ్లైటుకి ఇంకా టైముంది. ఒక్కసారి షాదీపూర్ వచ్చి ఆ రమణమ్మకి ఇది ఆట అని చెప్పి వెళ్ళండి. బండి నేను తెచ్చాను" అన్నాను.

"ఎందుకండీ? షోకి ముందే ఇది కేవలం వినోదం కోసం అని స్క్రీన్ మీద వేశాం కదా."

"ఎప్పుడు వేశారు? ఏ భాషలో?"

"ఇంగ్లిష్‌లో. అన్ని చోట్లా అలాగే వేస్తాం." ఫోర్కు పక్కన పెట్టాడు. "చూడండి, ఆవిడ ఏడుస్తూ వచ్చింది, ఆనందంగా వెళ్ళింది. నేను ఆశ ఇచ్చాను. అది తప్పా?"

"ఆశ కాదు సార్, మీరిచ్చింది మనిషిని. లేని మనిషిని ఉన్నాడన్నారు. ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చి అప్పజెప్తారు?"

ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పాడు. "వాచీ తప్పు మీ చీటీలోది సత్యంగారూ. స్టేజీ మీద తప్పు పోతే దాన్ని అక్కడికక్కడే ఒప్పు చేసుకోవాలి, అది మా వృత్తి. నేను మీ తప్పుని కవర్ చేశాను, అంతే."

కవర్ చేశాడట! చచ్చినవాణ్ణి లేపి ఒక పిల్ల తల్లి మీదికి తోలి, అది నాకు చేసిన ఉపకారమట! చెయ్యి లేచింది, నిజం చెప్తున్నాను. మేనేజరు మధ్యలోకి వచ్చి నా పెట్టె నా చేతిలో పెట్టి, "అన్నీ ఉన్నాయన్నా, ఒక్కటి కూడా పోలేదు" అన్నాడు, అదే నవ్వుమొహంతో. పదకొండింటికల్లా వాళ్ళు విమానం ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళకి ఇంకో ఊరు, ఇంకో హాలు.

కేబుల్ చానెల్ వాళ్ళు ఆ ముక్క పొద్దునా సాయంత్రం వేశారు. రమణమ్మ ఏడుపు, "ఇప్పుడుంది" అన్న మాట, చప్పట్లు, మళ్ళీ మొదటి నుంచి. వెళ్ళి ఆపమని అడిగాను. "పబ్లిక్ మాంగ్ రహా హై భయ్యా, ఫోన్లు ఒస్తనే ఉన్నాయి, మేమేం చేస్తాం?" అన్నారు. రమణమ్మని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. వాళ్ళలో సగంమంది రమణమ్మలాగే ఇంటి మనుషులు దొరకనివాళ్ళు. మా మనిషి సంగతి కూడా ఆయన్ని ఎలా అడగాలి అని వాళ్ళ ప్రశ్న.

రమణమ్మ ఆఫీసుకి పోయి, మా ఆయన బతికే ఉన్నాడు, సంతకం పెట్టను అని చెప్పి వచ్చింది. దక్షిణం చివర అంటే కాంప్‌బెల్ బే అని ఎవరో అన్నారు. అంతే, అక్కడికి బయల్దేరడానికి సిద్ధమైంది. టైలరు దగ్గర పని మానేసింది. పిల్లని స్కూలు మానిపించింది. ఉంటున్న గది ఖాళీ చేస్తానని చెప్పేసింది. అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు. సునామీకి దెబ్బతిని, రేకుల షెడ్లలో ఉంటున్న ఊరది. అక్కడ ఒంటరి ఆడమనిషి, ఏడేళ్ళు నిండని పిల్ల, లేని మనిషి కోసం ఇల్లిల్లూ తిరగబోతున్నారు. దొరికేవరకూ తిరిగి రానని సరోజతో చెప్పింది.

నేనేం చేశాను? రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూ నెల తిప్పాను. రమణమ్మ ఎదురైతే సందు మార్చుకున్నాను. చివరికి ఓడకి ముందురాత్రి సరోజకి అంతా చెప్పేశాను. ఓడ బయల్దేరే రోజు పొద్దున సరోజ కాఫీ గ్లాసు నా ముందు పెట్టలేదు, విసిరింది.

"ఆ పెట్టె ఎవుర్నడిగి ఇచ్చేవు? ఇచ్చినోడివి నువ్వే పోయి సెప్పు. అది ఓడెక్కితే నేను నీతో మాటాడను, సచ్ బోల్తీ హూఁ" అంది.

అప్పన్న చీటీ జేబులో పెట్టుకుని ఫీనిక్స్ బే జెట్టీకి పరిగెత్తాను. కాంప్‌బెల్ బే ఓడ కట్టి ఉంది, జనం ఎక్కుతున్నారు. రమణమ్మ రేకు పెట్టె మీద కూర్చుని టికెట్లు చేతిలో పట్టుకుని ఉంది. పక్కన సంచిలోంచి మగవాళ్ళ కొత్త లుంగీ, చొక్కా కనబడుతున్నాయి. పుష్ప రెండు జడలు వేసుకుని రెయిలింగు దగ్గర ఓడని చూస్తోంది.

"ఏటి భయ్యా, సాగనంపడానికి ఒచ్చినావా?" అని నవ్వింది. కింద కూర్చుని చీటీ ఆమె చేతిలో పెట్టాను. ఐదో తరగతి వరకు చదివిన మనిషి, కూడబలుక్కుని చదివింది. వాచీ దగ్గర ఆగింది.

"ఇది నీ రాతే గదా."

"నా రాతే. నీ ఎనకాల ముసలాయన కొడుకు వాచీ అది. నేను నీ చీటీ మీద తప్పు రాసినాను. ఈ చీటీ చూసే వాళ్ళు ఆయన చెవిలో చెప్పినారు. ఆయనకి ఏ కళ్ళూ లేవు, ఏ చూపూ లేదు రమణమ్మా. పెట్టె నేనే ఇచ్చినాను."

ఓడ మొదటి కూత కూసింది. రమణమ్మ తల ఎత్తకుండా అడిగింది.

"సెవిలో సెప్పీది నీకు ఇనిపించిందా?"

"వినిపించింది."

"అప్పుడేనా? నేను మైకు అట్టుకుని ఏడస్తున్నప్పుడేనా?"

"అప్పుడే."

"నీ మిషనుతో మా అందరికీ ఇనిపించీటట్టు సెయ్యొచ్చా?"

అబద్ధం చెప్పొచ్చు. సౌండ్ సంగతి ఆమెకేం తెలుసు? చెప్పలేకపోయాను. "చెయ్యొచ్చు" అన్నాను.

"మరి సెయ్యలేదేటి?"

ఆమె అరిచినా, చెంప పగలగొట్టినా పడేవాణ్ణి. అరవలేదు. పళ్ళు బిగించి మెల్లగా మాట్లాడింది, ఒక్కో మాటా వచ్చి తగిలింది. "ఆ పొద్దే సెప్పుంటే ఏడిసి ఇంటికెలిపోదును భయ్యా. ఆయన పోనాడని పిల్లకి నా నోటితోటి ఒకపాలి సెప్పేను. నా పేగులు తెగిపోనాయి. మల్లీ ఈ నెలరోజులూ ఒస్తాడు, ఒస్తాడు అని సెప్పేను. ఇంక నా వల్ల కాదు. నువ్వే పోయి సెప్పు. అందరికీ మైకులో సెప్తావు గదా, దానికీ సెప్పు."

రెయిలింగు దగ్గరికి వెళ్ళి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "పుష్పా, మనం ఓడ ఎక్కట్లేదమ్మా" అన్నాను. ఎందుకంది. "నాన్న అక్కడ లేడమ్మా. ఎక్కడా లేడు. అమ్మ ముందర నీకు చెప్పింది సూడు, అదే నిజం."

నా మొహంలోకి చూసింది. "టీవీ మే తో బోలా నా, అంకుల్? రోజూ సెప్తన్నారు గదా, నాన్నకి వాచీ ఉందని."

"టీవీలో అబద్ధం చెప్పేరమ్మా. ఆ అబద్ధానికి సౌండ్ పెట్టినోణ్ణి నేనే."

పిల్ల తల్లి దగ్గరికి పోయి ఒళ్ళో మొహం దాచుకుంది. ఓడ వెళ్ళిపోయేవరకూ వాళ్ళిద్దరూ ఆ రేకు పెట్టె దగ్గరే ఉన్నారు, నేను కాస్త దూరంగా నిలబడ్డాను. పెట్టె మోస్తానంటే రమణమ్మ ముట్టుకోనివ్వలేదు. తర్వాత సంతకం పెట్టింది, పిల్లని మళ్ళీ స్కూల్లో వేసింది, ఇప్పటికీ సరోజతో మాట్లాడుతుంది. నాతో మాట్లాడదు. తప్పులేదు.

ఆ తర్వాత ఇలాంటి వాళ్ళు చాలామంది వచ్చారు. మనసు చదివేవాళ్ళు, పోయినవాళ్ళతో మాట్లాడించేవాళ్ళు, టీవీ కెమెరాలు వెంటబెట్టుకుని కన్నీళ్ళు ఏరుకునేవాళ్ళు. సౌండ్ అడగడానికి వస్తే నేను ఒకటే అంటాను: స్టేజీ మీద చెప్పబోయేది ముందు ఆ మనిషి ఎదురుగా కూర్చుని, మైకు లేకుండా, మొహం చూసి చెప్పి రండి, అప్పుడు వైర్లు పరుస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కడూ వెళ్ళి చెప్పి రాలేదు. నీకెందుకయ్యా, మైకు కట్టేవాడివి మైకు కట్టు అని కోప్పడి వెళ్ళిపోతారు. కోప్పడనివ్వండి. వాళ్ళందరి కోపం కలిపినా నాది దానికన్నా పెద్దది.